నాట్యానికి అండగా నిలిచే సంస్థ ఎవరికి అండగా నిలుస్తోంది?

నాట్యానికి తోడ్పడే సంస్థ అంటే నాట్య బృందమూ కాదు, నాట్య పాఠశాలా కాదు. కళాకారులకు వేదిక ఇప్పించడం, దారి ఖర్చులు భరించడం, నేర్చుకునే పిల్లలకు ఉపకారవేతనం ఇవ్వడం, సాధనకు హాలు చూపించడం, వృద్ధ కళాకారులను ఆదుకోవడం వంటి పనులు చేసే సభలు, ట్రస్టులు, అకాడమీలు, కళాపోషక సంఘాలు ఈ కోవలోకి వస్తాయి. గజ్జె కట్టేది వీరు కాకపోయినా, ఎవరి గజ్జె చప్పుడు నలుగురి చెవిన పడాలో చాలావరకు నిర్ణయించేది వీరే. విరాళాలిచ్చేవారు ఈ సంస్థలను వైవిధ్యం, సమన్యాయం, అందరినీ కలుపుకుపోవడం, అందుబాటు అనే నాలుగు విషయాల్లో మీ విధానమేమిటని అడగడం మొదలైంది. కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు తమ సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలి. అలా వెచ్చించదగిన పనుల జాబితాలో సంప్రదాయ కళల అభివృద్ధి కూడా ఉంది. ఆ నిధుల కోసం వెళ్లిన సంస్థ ఒక పేజీ విధానపత్రం రాసి ఇచ్చి చేతులు దులుపుకుంటే, అది ఫైల్లోనే ఉండిపోతుంది. ఆ పత్రం సంస్థ దైనందిన పనిలోకి దిగితే ఏమేం మారాలో తిరుపతి, చిత్తూరు ప్రాంతాన్ని ముందు పెట్టుకుని చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

నాలుగు విషయాలూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి కాబట్టి ముందు వాటిని విడదీసుకోవాలి. ఒక నృత్యోత్సవాన్ని తీసుకుందాం. వేదిక మీదికి వచ్చినవారు ఏయే ఊళ్ల వారు, ఏయే కులాల వారు, ఏయే కళారూపాల వారు, వారిలో ఎంతమంది వికలాంగులు అన్నది వైవిధ్యానికి సంబంధించిన ప్రశ్న. అక్కడిదాకా రావడానికి ఒక్కొక్కరూ ఎంత ఖర్చు పెట్టుకోవలసి వచ్చింది, ఆ భారాన్ని సంస్థ ఎవరి పరిస్థితిని బట్టి ఎంతెంత పంచుకుంది అన్నది సమన్యాయం. వచ్చినవారి మాటకు నిర్ణయాల్లో చోటు దొరికిందా, మళ్లీ రావాలనిపించేలా వారిని చూసుకున్నారా అన్నది కలుపుకుపోవడం. మెట్లు ఎక్కలేని మనిషి వేదిక మీదికి వెళ్లగలిగారా, చూపు లేని ప్రేక్షకుడికి జరుగుతున్నది తెలిసిందా అన్నది అందుబాటు. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతావి వాటంతట అవే వచ్చేయవు. డిసెంబరు 3న అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం నాడు ఒక పాపతో అయిదు నిమిషాలు నాట్యం చేయించి, శాలువా కప్పి, ఫొటో తీసుకుని, మిగతా సంవత్సరమంతా ఆ పాపకు ఏ శిక్షణ తరగతిలోనూ చోటు చూపించని సంస్థ వైవిధ్యాన్ని ఫొటోలో చూపించగలుగుతుంది గానీ మిగతా మూడింటికి జవాబు చెప్పలేదు.

మన నాట్య చరిత్రలో వెలివేత ఒక్కసారి జరిగి ఆగిపోలేదు, పొరలు పొరలుగా జరిగింది. కూచిపూడి ఇరవయ్యో శతాబ్దం దాకా కొన్ని బ్రాహ్మణ కుటుంబాల మగవారి చేతుల్లోనే ఉండేది. స్త్రీ పాత్రలను కూడా వారే ధరించేవారు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి వంటి గురువులు ఆడవారికి నేర్పడం, వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి ఎందరెందరికో శిక్షణ ఇవ్వడంతో ఆ గీత చెరిగిపోయింది. అదే కాలంలో మరో వైపు జరిగింది దీనికి పూర్తిగా భిన్నం. గుడులలోనూ సంస్థానాలలోనూ తరతరాలుగా నాట్యాన్ని మోసిన కళావంతుల కుటుంబాలు తమ కళ నుంచే దూరమయ్యాయి. 1947లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన దేవదాసీ నిషేధ చట్టం అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో భాగమైన చిత్తూరు జిల్లాకూ వర్తించింది. ఆడపిల్లలను దేవుడి పేరిట అంకితం చేసే దురాచారాన్ని ఆపడం తప్పనిసరి. దానిని ఎవరూ తప్పుపట్టలేరు. అయితే ఆ కుటుంబాల విద్యకు గౌరవమైన మరో బతుకుదారి చూపడం ఆ సంస్కరణతో పాటు జరగలేదు. కార్వేటినగరం వేణుగోపాలుడి పేరిట సారంగపాణి రాసిన పదాల వంటి సాహిత్యాన్ని అభినయంతో బతికించినది ఆ పరంపరే. ఆ పదాలు ఈనాడు సభల్లో వినిపిస్తున్నప్పుడు ఆ వారసుల పిల్లలు ప్రేక్షకుల్లోనైనా ఉన్నారా అని అడగడం పాత గాయాన్ని కెలకడం కాదు. సమన్యాయం గురించి మాట్లాడే సంస్థ మొదట వేసుకోవలసిన ప్రశ్న అదే.

శాస్త్రంలో ఉన్న ఒక విషయాన్ని కూడా దాచకుండా చెప్పుకోవాలి. నాట్య విద్యార్థులందరూ చదివే నందికేశ్వరుని అభినయదర్పణంలో పాత్ర (అంటే నర్తకి) లక్షణాలతో పాటు నాట్యానికి పనికిరానివారి జాబితా కూడా ఉంది. కంట్లో పువ్వు ఉన్నవారు, జుట్టు లేనివారు, పెదవులు లావుగా ఉన్నవారు, మరీ లావైనవారు, మరీ బక్కచిక్కినవారు, మరీ పొడుగు, మరీ పొట్టి, గూని ఉన్నవారు, స్వరం బాగా లేనివారు ఇలా మొత్తం పది రకాల వారిని వదిలేయమని ఆ గ్రంథం చెబుతుంది. ఆ శ్లోకాన్ని పేరు పెట్టి ఎవరూ ఉదహరించకపోయినా, పోటీల్లో న్యాయనిర్ణేతలు "ఆకారం బాగుంది", "వేదికకు నిండుదనం ఉంది" అని మార్కులు వేసేటప్పుడు ఆ జాబితా నీడ వారి మనసులో ఉండనే ఉంటుంది. అదే గ్రంథం చూపు వెళ్లిన చోటికి మనసు, మనసు వెళ్లిన చోటికి భావం, భావం ఉన్న చోట రసం అని కూడా చెప్పింది. ఈ రెండింటిలో దేనిని కొలమానంగా తీసుకోవాలో సంస్థ తన నియమావళిలో స్పష్టంగా రాసుకోవాలి. తాళం, అంగశుద్ధి (అవయవాల కదలికలో స్పష్టత), అభినయం, సాహిత్య జ్ఞానం అనే అంశాలకు విడివిడిగా మార్కులు పెట్టి, ఆకారానికి సంబంధించిన గడిని తీసివేస్తే ప్రమాణాలు పడిపోతాయన్న భయం అక్కరలేదు. ఇన్నాళ్లూ తాళం తప్పినా ఆకారం కాపాడినవారికి మాత్రం ఇబ్బంది కలుగుతుంది.

కాలు పోగొట్టుకుని జైపూర్ కాలు అనే కృత్రిమ కాలితో మళ్లీ వేదికెక్కిన సుధాచంద్రన్‌ను తెలుగువారు బాగా ఎరుగుదురు. ఆమె జీవితకథ 1985లో తెలుగులోనే సినిమాగా వచ్చింది. ఆమె పట్టుదలకు చేతులు జోడించవలసిందే. కానీ ఒక అసాధారణ వ్యక్తి సాధించిన విజయాన్ని చూపించి, మిగతావారంతా అదే పట్టుదలతో పైకి రావాలని ఎదురుచూసే సంస్థ తన బాధ్యతను ఆ పిల్లల నెత్తిన వేస్తోంది. తిరుపతిలో ఈ బాధ్యతను తీసుకోవడానికి తగిన వనరులు చాలా దగ్గరదగ్గరగా ఉన్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే సంగీత నృత్య కళాశాల 1959 నుంచి ఇక్కడ ఉంది. ఎముకల శస్త్రచికిత్సలు చేసి, కృత్రిమ అవయవాలు అమర్చే బర్డ్ ఆసుపత్రి ఇక్కడే ఉంది. వినికిడి లోపం ఉన్న పిల్లల పాఠశాల కూడా ఇక్కడే ఉంది. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983 నుంచి నడుస్తోంది. కృత్రిమ కాలు అమర్చే నిపుణుడూ, నాట్యం నేర్పే గురువూ ఒక బల్ల దగ్గర కూర్చుని, అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్న భంగిమలో, మోకాలి మీద పడే బరువు గురించి, కాలితో నేలను తట్టేటప్పుడు కలిగే అదురు గురించి మాట్లాడుకునే ఏర్పాటు చేయడానికి పెద్ద నిధులు అవసరం లేదు. ఇటువంటి పరిచయాలు కలపడమే తోడ్పాటు సంస్థ చేయగల అతి విలువైన పని అని నా నమ్మకం.

అందుబాటు అనగానే చాలామంది ర్యాంపుతో ఆగిపోతారు. ర్యాంపు కూడా సరిగ్గా జరగడం లేదు కాబట్టి ముందు దాని లెక్కే చూద్దాం. మన దేశంలో పాటించవలసిన ప్రమాణం ప్రకారం ర్యాంపు వాలు ఒకటికి పన్నెండు, అంటే ఒక అడుగు ఎత్తు ఎక్కడానికి 12 అడుగుల పొడవు కావాలి. వేదిక 3 అడుగుల ఎత్తు ఉంటే ర్యాంపు 36 అడుగులు ఉండాలి. కార్యక్రమానికి గంట ముందు షామియానా వాళ్లు తెచ్చి ఆనించే చెక్కపలక ఎనిమిది అడుగులకు మించదు. దాని మీద చక్రాల కుర్చీని ఇద్దరు వెనక నుంచి తోసి, ఇద్దరు ముందు నుంచి లాగి పైకి చేర్చడాన్ని అందుబాటు అనలేము. నాట్యం చేయడానికి వచ్చిన కళాకారిణిని అలంకరణతో సహా నలుగురి ముందు అలా ఎత్తుకెళ్లడం ఆమె గౌరవాన్ని దెబ్బతీస్తుంది. ముప్పై ఆరు అడుగుల చోటు లేని హాలులో ఇంకేం చేయాలి? దీనికి జవాబు చిత్తూరు జిల్లాలోనే ఉంది.

ఈ జిల్లా పల్లెల్లో ద్రౌపదమ్మ గుళ్ల దగ్గర పద్దెనిమిది రోజుల భారతం జరుగుతుంది. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, తపస్సుమాను అనే ఎత్తయిన స్తంభం ఎక్కే అర్జునుడు, చివర్లో దుర్యోధన వధ, అగ్నిగుండం. ఆ వీధినాటకం సంప్రదాయంగా నేలమీద, ప్రేక్షకుల నడుమ ఆడే ఆట. ఆటగాడికీ చూసేవాడికీ మధ్య మూడడుగుల గోడ లేదు. ఎత్తయిన వేదిక ఈ ఆటకు పుట్టుకతో వచ్చినది కాదు. ఉత్సవంలో కొన్ని ప్రదర్శనలను నేలమట్టంలోనే, మూడు వైపులా కుర్చీలు వేసి నిర్వహిస్తే, చక్రాల కుర్చీలో ఉన్న నర్తకికి, కర్ర పట్టుకుని నడిచే వృద్ధ గురువుకు, ముందు వరుసలో కూర్చోవాలనుకునే వికలాంగ ప్రేక్షకుడికి ఒకేసారి దారి ఏర్పడుతుంది.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించే వైకల్యాల సంఖ్యను అంతకుముందున్న 7 నుంచి 21కి పెంచింది. సాంస్కృతిక జీవితంలో అందరితో సమానంగా పాల్గొనే హక్కును 29వ సెక్షన్‌లో చేర్చి, వికలాంగ కళాకారులకు సదుపాయాలు, ఆర్థిక సాయం కల్పించాలనీ, కళా సంబంధమైన కోర్సులను వారు పాల్గొనగలిగేలా మలచాలనీ ప్రభుత్వాలను, స్థానిక సంస్థలను ఆదేశించింది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలను కేవలం సూచనలుగా వదిలేసిన 2017 నాటి నిబంధన చెల్లదని తేల్చి, తప్పనిసరిగా పాటించవలసిన ప్రమాణాలను రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. 2011 జనాభా లెక్కల్లోనే దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు నమోదయ్యారు. హాలు అద్దెకు తీసుకునే ముందు ర్యాంపు, 900 మిల్లీమీటర్ల వెడల్పు తలుపు, చక్రాల కుర్చీ తిరిగే మరుగుదొడ్డి ఉన్నాయా అని అడిగి, లేకపోతే వేరే హాలు చూసుకునే సంస్థలు నాలుగైదు ఉన్నా హాళ్ల యజమానుల్లో కదలిక వస్తుంది. మేకప్ గదిని కూడా ఈ లెక్కలోకి తీసుకోవాలి. ప్రేక్షకుల వైపు ర్యాంపు పెట్టి, కళాకారుల వైపు ఇరుకు మెట్లు వదిలేసిన హాలు, వికలాంగులు చూడడానికే తప్ప ఆడడానికి రారని ముందే తీర్మానించుకున్నట్టుంటుంది.

వినపడని నర్తకి విషయంలో అవసరాలు వేరు. వాద్యబృందం వేదికకు ఒక పక్కన కూర్చుంటుంది; ప్రేక్షకుల వైపు తిరిగి నాట్యం చేసే నర్తకికి తాళాలు వాయిస్తూ, జతులు చెబుతూ నాట్యాన్ని నడిపే నట్టువాంగం వారు కనబడరు. వినికిడి ఉన్నవారికి దానితో పని లేదు. లేనివారికి మాత్రం తాళం కళ్ల నుంచో కాళ్ల నుంచో అందాలి. ముందు వరుస మధ్యలో ఒకరు కూర్చుని, చేత్తో తాళం వేస్తూ, జతి ముగింపు అయిన తీర్మానానికి ముందు నిర్ణీత సైగ చేస్తే కళ్లకు అందుతుంది. చెక్క వేదిక మీద మృదంగం అదురు అరికాలికి తెలుస్తుంది. సిమెంటు అరుగు మీద అది తెలియదు. ఈ ఒక్క కారణంతోనే సాధన హాలులో ఒక మూల చెక్క పలకలు పరిపించడం మంచి పెట్టుబడి అవుతుంది.

ఇక్కడ ఒక అపోహను కూడా తొలగించాలి. నాట్యంలో హస్తముద్రలు ఉన్నాయి కాబట్టి చెవిటివారికి నాట్యం సులభంగా అర్థమవుతుందని చాలామంది అనుకుంటారు. పతాకం, త్రిపతాకం మొదలైన ఒంటి చేత్తో పట్టే ఇరవై ఎనిమిది అసంయుత హస్తాలు నాట్య సంప్రదాయం తెలిసినవారి భాష. భారతీయ సైగల భాషకు సొంత వ్యాకరణం, సొంత పదసంపద ఉన్నాయి. అన్నమయ్య సంకీర్తనకు అభినయం చూస్తున్న వినపడని ప్రేక్షకురాలికి, అలమేలుమంగ అలిగిందని తెలియవచ్చు గానీ, ఎందుకు అలిగిందో సాహిత్యం అందితే తప్ప తెలియదు. వేదిక పక్కన తెర మీద సాహిత్యాన్ని అక్షరాల్లో చూపించడం, వీలైతే సైగల భాష అనువాదకులను పెట్టడం అవసరం. ఆ తెర మీద తెలుగుతో పాటు తమిళం కూడా ఉంటే, తిరుపతికి వచ్చే యాత్రికుల్లో ఎందరికో మేలు. చూపు లేనివారికి వర్ణన కావాలి. ఆ పద్ధతి మనకు కొత్తేమీ కాదు. పాత్ర ఏ నడకతో, ఏ సొగసుతో వస్తోందో పాడి చెప్పే ప్రవేశ దరువు, మధ్యమధ్య కథ విప్పే సూత్రధారుడు కూచిపూడిలో ఎప్పటి నుంచో ఉన్నారు.

సమన్యాయం అన్నింటికంటే ముందు డబ్బు లెక్కల్లో కనిపిస్తుంది. పుంగనూరు వైపు ఒక పల్లెలో పదహారు మంది ఆడవాళ్లు కోలాటం ఆడతారనుకుందాం. పగలు టమాటా కోతకు వెళ్లి, రాత్రి గుడి ముందు సాధన చేసే బృందం అది. సంస్థ దరఖాస్తు వారికి గురువు పేరు, గ్రేడు పత్రం, గత మూడేళ్ల ప్రదర్శనల వివరాలు, నాణ్యమైన వీడియో, బృందం పేరిట బ్యాంకు ఖాతా అడుగుతుంది, అదీ ఆంగ్లంలో. ఎలాగో నింపి పంపితే, "ముందు మీరు ఖర్చు పెట్టుకోండి, బిల్లులు పెడితే తర్వాత ఇస్తాం" అనే షరతు ఎదురవుతుంది. పదహారు మందికి ఆటో, బస్సు చార్జీలు, ఒకే రంగు చీరలు, రెండు రోజుల కూలి నష్టం కలిపితే ఎంతవుతుందో దరఖాస్తు తయారుచేసినవారు లెక్కవేసి ఉండరు. నగరంలో సొంత కారులో వచ్చే ఏకపాత్ర నర్తకికీ ఈ బృందానికీ ఒకే నియమం, ఒకే మొత్తం అంటే అది చూడడానికి సమానత్వంలా ఉన్నా, ఫలితంలో ఒకరికి మాత్రమే తలుపు తెరుస్తుంది. సగం డబ్బు ముందుగా ఇవ్వడం, పారితోషికాన్ని బృందానికి కాక మనిషికి లెక్కగట్టడం, కూలి నష్టాన్ని ఖర్చుల పట్టికలో చేర్చడం, ఫోనులో తీసిన వీడియోను అంగీకరించడం, రాయలేనివారి నుంచి తెలుగులో మాటల ద్వారా దరఖాస్తు తీసుకోవడం వంటి మార్పులు చేస్తే గాని ఆ కోలాటం బృందం వేదిక దాకా రాదు.

కళారూపాల మధ్య అంతరం కూడా దీనిలో భాగమే. బ్రహ్మోత్సవాల్లో వాహనసేవల ముందు మాడవీధుల్లో కోలాటాలు, భజన బృందాలు ఎంత నిండుగా సాగుతాయో అందరం చూస్తాం. ఆ బృందాలు లేని ఊరేగింపును ఊహించుకోలేం. అయినా హాలులో, దీపాల వెలుగులో, పత్రికల్లో సమీక్షలు వచ్చే సాయంత్రాలు శాస్త్రీయ నాట్యానికే దక్కుతాయి. పండరి భజన, చెక్క భజన, వీధినాటకం, పలకల వాద్యంతో సాగే ఆటలు ఆరంభ కార్యక్రమంలో అతిథులను ఆహ్వానించడానికి పరిమితమవుతాయి. పలక వాయించే దళిత కళాకారుడిని గేటు దగ్గర నిలబెట్టి, లోపల వేదిక మీద కూర్చోబెట్టకపోవడం వెనక కులం ఉందని సంస్థలు ఒప్పుకోవాలి. మరో వైపు శాస్త్రీయ నాట్యం నేర్చుకునే పేద పిల్లల కష్టం వేరే రకం. రంగప్రవేశానికి, అంటే శిష్యురాలి తొలి పూర్తి ప్రదర్శనకు, వాద్యబృందం, దుస్తులు, నగలు, మేకప్, హాలు అద్దె, భోజనాలు కలిసి లక్షల్లోకి వెళ్తాయి. చక్కగా నేర్చుకున్న పిల్ల ఆ ఖర్చుకు భయపడి అక్కడే ఆగిపోతుంది. నగలు, దుస్తులు అరువిచ్చే భాండారం, నలుగురైదుగురికి కలిపి ఒకే సాయంత్రం రంగప్రవేశం జరిపించడం, వాద్యబృందం పారితోషికాన్ని సంస్థే చెల్లించడం ఈ ఖర్చును చాలావరకు తగ్గిస్తాయి.

లింగభేదం విషయంలో ఈ ప్రాంతంలో విచిత్రమైన పరిస్థితి ఉంది. తిరుపతి గంగమ్మ జాతరలో మగవారు ఆడవేషం కట్టి మొక్కు తీర్చుకుంటే ఊరంతా దణ్ణం పెడుతుంది. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ వేషానికి జనం నీరాజనాలు పట్టారు. కానీ నాట్యం నేర్చుకోవాలని వచ్చే ట్రాన్స్‌జెండర్ యువతికి తరగతిలో చోటు, దుస్తులు మార్చుకోవడానికి గది, దరఖాస్తులో ఆమెకు సరిపోయే గడి దొరకడం ఈనాటికీ కష్టమే. సుప్రీంకోర్టు 2014లోనే వారి లింగ గుర్తింపును వారే నిర్ణయించుకునే హక్కును గుర్తించింది. ట్రాన్స్‌జెండర్ మహిళలైన భరతనాట్య కళాకారిణి నర్తకి నటరాజ్‌కు 2019లో, కర్ణాటక జానపద రూపమైన జోగతి నృత్య కళాకారిణి మంజమ్మ జోగతికి 2021లో పద్మశ్రీ వచ్చింది. మగపిల్లల విషయమూ మరువకూడదు. నాట్యం ఆడపిల్లలదన్న ఎగతాళికి జంకి మానేసేవారు ఎందరో. కేరళ కళామండలం 2024లో, అంతవరకు ఆడపిల్లలకే నేర్పిన మోహినియాట్టం కోర్సును మగపిల్లలకూ తెరిచింది. చెప్పదలచుకున్నది ఇంతే: సంస్థలు తలచుకుంటే ఇవి ఒక్క తీర్మానంతో జరిగే పనులు.

వచ్చినవారు భద్రంగా ఉండగలగడం కూడా కలుపుకుపోవడంలో భాగమే. గురువు మీద భక్తి నాట్య విద్యకు పునాది. ఆ భక్తినే అడ్డం పెట్టుకుని జరిగే వేధింపుల గురించి నోరు విప్పడం పిల్లలకు చాలా కష్టం. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థల్లోని ఫిర్యాదుల కోసం జిల్లా స్థాయిలో లోకల్ కమిటీ ఉంటుంది. పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం ఉంది. ఈ వివరాలను దరఖాస్తు వెనక పేజీలో తెలుగులో అచ్చు వేయడం, నిధులు అందుకునే ప్రతి గురువు చేతా పిల్లల భద్రతా నియమాలపై సంతకం తీసుకోవడం సంస్థ పని.

చివరికి అన్నీ ఎంపిక సంఘం దగ్గరికే వస్తాయి. ఒకే గురుపరంపరకు చెందిన ముగ్గురు, ఒక దాత, ఒక విశ్రాంత అధికారి కూర్చున్న సంఘం ఎంత నిజాయతీగా పనిచేసినా, తమకు తెలిసిన కళనే గుర్తుపడుతుంది. వీధినాటకం కట్టే ఒక కళాకారుడు, నాట్యం తెలిసిన ఒక వికలాంగ వ్యక్తి, కోలాటం నేర్పే ఒక మహిళ ఆ సంఘంలో సభ్యులుగా ఉండాలి. పిలిచినప్పుడు వచ్చి సలహా చెప్పి వెళ్లే అతిథులుగా కాక, ఓటు ఉన్నవారిగా, దారి ఖర్చులూ కూర్చున్న రోజుకు భత్యమూ అందుకునేవారిగా ఉండాలి. సభ్యుల పదవీకాలానికి పరిమితి ఉండాలి. తన శిష్యుల దరఖాస్తు వచ్చినప్పుడు సభ్యుడు పక్కకు తప్పుకోవాలి. ఆపైన ఏటా ఎన్ని దరఖాస్తులు వచ్చాయి, ఏ మండలాల నుంచి వచ్చాయి, ఏ కళారూపానికి ఎంత ఇచ్చారు, తిరస్కరణకు కారణాలేమిటి అన్న పట్టికను సంస్థ బయటపెట్టాలి. దరఖాస్తుదారుల కులం, వైకల్యం వంటి వివరాలను వారు ఇష్టపడి చెబితేనే తీసుకుని, పేర్లు బయటికి రాకుండా మొత్తాలుగా మాత్రమే ప్రకటించాలి. ఆ పట్టికలో కుప్పం, పలమనేరు, సత్యవేడు వైపు నుంచి ఒక్క దరఖాస్తూ రాలేదని కనిపిస్తే, మరుసటి ఏడాది ప్రకటనను తిరుపతి నోటీసు బోర్డుకే వదిలేయకుండా, అక్కడి భారతం జరిగే గుళ్ల దగ్గరికి మనిషిని పంపి చెప్పించాలి.